పన్నెండో అంతస్తు పట్లు: పెద్ద తేనెటీగలను ఉన్నచోటే ఉంచిన ఒక కేసు

హైదరాబాద్‌కు పడమర, చేవెళ్ల రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న నాలుగు టవర్ల అపార్ట్‌మెంట్ ఇది. తూర్పు టవర్‌కు తొమ్మిదో అంతస్తు నుంచి పన్నెండో అంతస్తు దాకా సజ్జల కింద ఆరు తేనెపట్లు పట్టాయి. తేనెటీగలను కాపాడే పని చేసే మాకు అసోసియేషన్ నుంచి వచ్చిన మెసేజ్‌లో ఒకటే ప్రశ్న: "తీసేయడానికి ఎంత తీసుకుంటారు?"

అంతకుముందు ఏడాది వాళ్లు తీయించారు. పెస్ట్ కంట్రోల్ మనుషులు రాత్రిపూట తాళ్ల మీద దిగి మందు కొట్టి వెళ్లారు. తెల్లారేసరికి కింద గడ్డి మీద చచ్చిన ఈగలు కుప్పలుగా పడి ఉన్నాయి. హౌస్‌కీపింగ్ వాళ్లు వాటిని ఊడ్చి బస్తాలకెత్తారు. మందు తగలకుండా మిగిలిన ఈగలు పట్టు ఉన్న చోటే కొన్నాళ్లు ముద్దగా వేలాడాయి. పట్టు పోయాక ఈగలు చాలా చిరాకు మీద ఉంటాయి. ఊడ్చడానికి వెళ్లిన ఇద్దరిని కుట్టాయి. రాలిన పట్టు ముక్కల్లోని తేనెను ఎవరో డబ్బాకు పట్టుకుని ఇంటికి తీసుకెళ్లారని తర్వాత తెలిసింది. అది పురుగుమందు పడిన తేనె. ఇంత చేసినా, మరుసటి సీజన్‌కు అదే సజ్జల కింద మళ్లీ పట్లు లేచాయి.

మేం తీయబోమని మొదటి ఫోన్‌లోనే చెప్పాం. ఉంచితే మనుషులకు ఇబ్బంది లేకుండా ఎలా ఉంచవచ్చో చూసి చెబుతామన్నాం. అధ్యక్షుడు ఒక్క క్షణం ఆగి, "సరే మేడం, ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. కిందటేడు ఖర్చుపెట్టినా ఫలితం రాలేదన్న విసుగు మాకు అక్కడ కలిసొచ్చింది.

ఇవి పెట్టెల్లో పెంచే ఈగలు కావు. పెద్ద తేనెటీగ, కొండ తేనెటీగ అంటాం. శాస్త్రీయ నామం ఏపిస్ డోర్సాటా. పొడవు 17 నుంచి 20 మిల్లీమీటర్లు. మామూలు పుట్ట తేనెటీగ చెట్టు తొర్రలోనో పుట్టలోనో, చీకట్లో, పక్కపక్కనే చాలా పట్లు పెడుతుంది కాబట్టి పెట్టెలో ఇముడుతుంది. 1962లో నగ్రోటా బగవాన్‌లో (అప్పుడు పంజాబ్, ఇప్పుడు హిమాచల్) నిలదొక్కుకుని దేశమంతా పాకిన ఇటాలియన్ ఈగ సంగతీ అంతే. పెద్ద తేనెటీగ మాత్రం ఒకే ఒక్క పట్టు పెడుతుంది. అదీ ఆరుబయట, ఎత్తైన కొమ్మకో రాతి చరియకో వేలాడేటట్టు. పట్టు మీటరున్నర వెడల్పు దాకా పెరగొచ్చు. దాని చుట్టూ వేల ఈగలు ఒకదాన్నొకటి పట్టుకుని పొరలు పొరలుగా తెరకట్టి ఉంటాయి. ఎండకైనా వానకైనా ఆ తెరే దానికి గోడ. అలాంటి ఈగను పెట్టెలో మూసిపెడితే ఉండదు.

"పట్టుకుని ఊరవతల వదిలేయండి" అని ప్రతి కాలనీలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. "చంపకుండా తరలిస్తాం" అని ప్రకటనలు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ ఈగ విషయంలో ఆ మాట నమ్మకండి. పొగపెట్టి పెద్ద ఈగలను లేపుతారు, పట్టును కోసి బకెట్‌లో వేస్తారు, గుడ్లూ పిల్లపురుగులూ అందులోనే చస్తాయి, లేచిన ఈగలు చెల్లాచెదురవుతాయి. దాని పేరే తరలింపు. వియత్నాంలో మెలలూకా అడవుల్లో జనం ఏటవాలుగా దుంగలు నాటి ఈ ఈగలను ఆకర్షిస్తారు. అక్కడ కూడా చోటు చూపించడం వరకే మనిషి చేతిలో ఉంటుంది. వచ్చి దిగేది, లేచి వెళ్లేది ఈగ ఇష్టం. కాబట్టి మన చేతుల్లో ఉన్న రక్షణ ఒక్కటే: అది తనంతట తాను వెళ్లేదాకా కింద ఉన్న మనుషుల తీరును సర్దడం. ఈ కేసంతా ఆ సర్దుబాటు కథే.

వెళ్లి మొదట చూసింది పట్లను కాదు, పట్ల కింద ఏముందో. నాలుగు పట్ల కింద పూల మడులు, మనుషులు నడవని గడ్డి. ఒకటి పార్కింగ్ మీద. ఆరోది పిల్లలు పొద్దున స్కూల్ బస్సెక్కే చోటుకూ ఆటస్థలానికీ సరిగ్గా పైన. తర్వాత లైట్లు చూశాం. టవర్ గోడ మీదికి కింది నుంచి వెలుగు కొట్టే ఫ్లడ్‌లైట్లు రాత్రి పదకొండు దాకా వెలుగుతున్నాయి. ఏసీ నీళ్లు ఎక్కడ కారుతున్నాయి, ఏ కిటికీలకు దోమతెర లేదు, ఏ ఇంట్లో ఎవరికైనా కుడితే అలర్జీ ఉందా అన్నది ఇల్లిల్లూ అడిగి రాసుకున్నాం.

పదకొండో అంతస్తులో ఒక వంటింటి అద్దం వెనక నిలబడితే పట్టు మూరెడు దూరంలో ఉంది. మేం చూస్తుండగా ఒక పెద్ద కందిరీగ వచ్చి దాని ముందు తారాడింది. తెరలోని ఈగలు వందల కొద్దీ ఒక్కసారిగా పొట్ట చివర్లు పైకి విసిరాయి. ఆ కదలిక ఒక మూల మొదలై, రెప్పపాటులో రెండో అంచు దాకా నీటి మీద అలలా పాకింది. మళ్లీ, మళ్లీ. కందిరీగ వెనక్కి తిరిగింది. ఒక్క ఈగ కూడా గూడు వదిలి ఎగరలేదు. ఆ ఇంటి పెద్దావిడ మా పక్కనే నిలబడి, "నాలుగు రోజుల నుంచి చూస్తున్నానమ్మా, మా జోలికి రాలేదు" అంది. ఆమెనే తర్వాత జనరల్ బాడీ మీటింగ్‌కు రమ్మని బతిమాలాం.

తెర కింది అంచున ఈగలు కాస్త పక్కకు జరిగినప్పుడు మూతలు వేసిన పిల్లగదులు కనిపించాయి. పైన, సజ్జకు అతుక్కున్న వైపు లావుగా ఉన్న భాగం తేనె. పిల్లలు గదుల్లో ఉన్నంతకాలం ఆ గుంపు చోటు వదలదు. అప్పుడు తరిమితే మళ్లీ అక్కడికే వస్తుంది. కిందటేడు జరిగింది అదే.

మీటింగ్‌లో తేలికైన ఫిర్యాదులు ముందొచ్చాయి. కార్ల మీద, ఆరేసిన బట్టల మీద పసుపు మరకలు. అవి ఈగల రెట్టలు. ఈ ఈగలు గుంపుగా బయటికొచ్చి ఒకేసారి విసర్జిస్తాయి. ఆ మరకల గురించి ఒకప్పుడు ప్రపంచ రాజకీయాలే నడిచాయని చెప్పాం. 1981లో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్, ఆగ్నేయాసియాలో సోవియట్ మద్దతుతో విషరసాయనాలు చల్లుతున్నారని ఆరోపించారు. ఆకుల మీద పడిన పసుపు చుక్కలను దానికి రుజువుగా చూపించారు. హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల నిపుణుడు థామస్ సీలీ ఆ చుక్కల నిండా పుప్పొడి ఉందని గమనించి, 1984లో థాయ్‌లాండ్ వెళ్లి అవే పసుపు జల్లులు తేనెటీగల గుంపుల నుంచి పడటం చూశారు. అవి ఈ ఈగ రెట్టలే. మీటింగ్‌లో ఉన్నవాళ్లకు అది బాగా గుర్తుండిపోయింది. కారుకు కవర్ వేసుకుంటే తీరే సమస్య అని వాళ్లే అన్నారు.

బరువైన అభ్యంతరం ఒక్కటే. పదో అంతస్తులో ఒక బాబుకు ఇంతకుముందు కందిరీగ కుట్టి ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చారు. ఆ తల్లి లేచి, "మీరు చెప్పేవన్నీ బాగున్నాయి, మా వాడికి ఏమైనా అయితే ఎవరు బాధ్యులు?" అని అడిగింది. ఆమె టెన్షన్ న్యాయమైనది. ఈగల మీద ప్రేమ ఉన్న మాలాంటివాళ్లు ఇలాంటి ప్రశ్నను కొట్టిపారేస్తే ఇక ఎవరూ మన మాట వినరు, వినకూడదు కూడా. ఆ బాబుకు ఏ ఏర్పాట్లు సరిపోతాయో వాళ్ల డాక్టరే తేల్చాలని, డాక్టర్ వద్దంటే ఆ ఇంటికి దగ్గరున్న పట్టు విషయం వేరుగా ఆలోచిద్దామని చెప్పాం. డాక్టర్ అడ్రినలిన్ ఇంజెక్షన్ రాసిచ్చి ఇంట్లోనూ సెక్యూరిటీ గదిలోనూ ఉంచమన్నారు, వాడటం నేర్పారు. కిటికీలన్నింటికీ అసోసియేషన్ ఖర్చుతో జాలీ వేయించాం. బాబు ఆ సీజన్ అంతా పడమటి గేటు నుంచే రాకపోకలు సాగించాడు. ఆ తల్లి ఒప్పుకున్నాకే మిగతా జనం ఒప్పుకున్నారు.

ఆ మీటింగ్‌కు చేవెళ్ల వైపు కూరగాయలు పండించే ఒక రైతును కూడా తీసుకెళ్లాం. శనివారం శనివారం ఆ గేటు దగ్గరే ఆయన కూరగాయలు అమ్ముతాడు, అందరికీ తెలిసిన మొహం. సంచిలోంచి రెండు సొరకాయలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి నిండుగా ఉంది. రెండోది ఒకవైపు నిండి, మరోవైపు వంకరపోయి కుంచించుకుపోయి ఉంది. "ఈగ మంచిగ తిరిగితే కాయ ఇట్లుంటది. తిరగకపోతే గిట్ల. గిది మీరే కొనరు" అన్నాడు. సొర, దోస, గుమ్మడి తీగల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడిని ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎవరో మోసుకెళ్లాలి. సరిగా అందకపోతే గింజలు పడని వైపు కాయ పెరగదు. పొద్దుతిరుగుడులో, ఉల్లి విత్తన పంటలో కూడా గింజ కట్టడం చాలావరకు ఈగల మీదే ఆధారపడి ఉంటుంది. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల్లో 75 శాతానికి పైగా ఎంతో కొంత పరాగ సంపర్కం చేసే జీవుల మీద ఆధారపడతాయని 2016లో ఐక్యరాజ్యసమితి అండతో పనిచేసే జీవవైవిధ్య వేదిక చెప్పింది. ఆ అంకె కూడా మా స్లైడులో ఉంది. కానీ మీటింగ్‌ను మార్చింది ఆ వంకర సొరకాయే.

ఈగలు టవర్లకు ఎందుకు వస్తున్నాయని కూడా ఎవరో అడిగారు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డుకు రెండు పక్కలా దాదాపు 900 పాత మర్రిచెట్లు ఉండేవి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని తీసేస్తారంటే జనం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. పెద్ద తేనెటీగకు కావలసింది అలాంటి చెట్టే: ఎత్తైన, అడ్డంగా సాగిన లావు కొమ్మ, కింద ఖాళీ. ఊళ్లలో ఒక్కో మర్రికి పదుల కొద్దీ పట్లు పట్టడం పెద్దవాళ్లకు గుర్తే. అలాంటి చెట్లు పోయిన చోట ఆ కొమ్మకు దగ్గరగా కనిపించేది పదంతస్తుల పైన ఉన్న కాంక్రీట్ సజ్జ. ఏటేటా దాని మీద మందు కొడుతూపోతే ఈ ప్రాంతంలో వాటికి దిగడానికి మిగిలే చోట్లు ఇంకెన్ని?

ఏర్పాట్లలో అన్నిటికంటే పనిచేసింది లైట్లు ఆర్పడం. ఈ ఈగలు వెన్నెల రాత్రుల్లో కూడా మేతకు వెళ్లగలవు. అందుకే చీకట్లో బలమైన వెలుగు కనిపిస్తే గూటి నుంచి దిగి ట్యూబ్‌లైట్ చుట్టూ తిరిగి, అలిసి నేలమీద పడతాయి. బాల్కనీలో చెప్పుల్లేకుండా నడిచి వాటిని తొక్కి కుట్టించుకున్నవాళ్లే అక్కడి బాధితుల్లో ఎక్కువ. గోడ మీది ఫ్లడ్‌లైట్లు పూర్తిగా ఆపించాం. కారిడార్లలో తెల్లటి వెలుగు బదులు తక్కువ వాట్ల పసుపు బల్బులు, పైకి వెలుగు పోకుండా కప్పులు పెట్టించాం. తూర్పు వైపు ఇళ్లవాళ్లు చీకటి పడగానే పరదాలు వేసుకోవడం మొదలుపెట్టారు. ఆ వారం నుంచే రాత్రి ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి.

నీళ్ల సంగతి ఎండలు ముదరకముందే చూడాలి. ఒకసారి స్విమ్మింగ్ పూల్‌కో ఏసీ పైపుకో అలవాటు పడ్డాయంటే మళ్లించడం కష్టం. తోట చివర వెడల్పాటి మట్టి మూకుళ్లలో రాళ్లు వేసి, గోనెసంచి తడిపి పెట్టాం. తోటమాలి రోజూ నీళ్లు మార్చేవాడు. ఈగలు వాలడానికి రాళ్లు తప్పనిసరి, లేదంటే మునిగి చస్తాయి. బస్సు ఎక్కే చోటును వేరే గేటుకు మార్చాం, ఆటస్థలాన్ని సీజన్ ముగిసేదాకా మూసి పిల్లలకు క్లబ్‌హౌస్ వెనక చోటిచ్చారు. తూర్పు గోడ మీద అద్దాలు తుడవడం, ఏసీ రిపేర్లు, కేబుల్ పనులు, ఫంక్షన్లకు బాణసంచా, డ్రోన్ కెమెరా, దోమల పొగ అన్నీ నిషేధం. డ్రోన్ విషయంలో ఒక పెళ్లివారితో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

సెక్యూరిటీ వాళ్లకు నేర్పింది చిన్నదే. ఈగలు కిందికి దిగితే పొడవుగా విజిల్. వినగానే అందరూ మొహం కప్పుకుని లోపలికి పరుగెత్తాలి, చేతులు విదల్చకూడదు, నీళ్లలోకి దూకకూడదు. కుట్టిన చోట ముల్లును వెంటనే గోటితోనో కార్డుతోనో గీకి తీసేయాలి. ఆలస్యమైన కొద్దీ విషం ఇంకా దిగుతుంది. ముల్లు దగ్గర పండిన అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది మిగతా ఈగలకు "ఇక్కడే కుట్టండి" అని చెప్పే సంకేతం. అందుకే సబ్బుతో కడగాలి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒంటినిండా దద్దుర్లు లేచినా, చాలా కుట్లు పడినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

ఆ విజిల్ మార్చి చివర్లో ఒక ఉదయం మోగింది. తేనె గద్ద ఒకటి పార్కింగ్ మీది పట్టును కాళ్లతో తన్ని, కింది అంచు ముక్క పీక్కుని వెళ్లింది. ఇలాంటి దాడి తర్వాత ఈగలు కనిపించిన ప్రతి కదలిక మీదికీ వస్తాయి. నడకకు వచ్చినవాళ్లంతా నిమిషంలోపే లాబీల్లోకి చేరారు. పాలు వేసే అబ్బాయి ఒకడు హెల్మెట్ తీసి ఉన్నాడు, మెడ మీద, చేతుల మీద కుట్టాయి. ఒక పెద్దాయనకు కూడా ఒకటి పడింది. సెక్యూరిటీ అతను అబ్బాయిని లోపలికి లాగి ముళ్లు గీకేశాడు, ముందుజాగ్రత్తగా ఆసుపత్రికి పంపారు. అదే రోజు తిరిగొచ్చాడు.

వాట్సాప్ గ్రూప్ మాత్రం ఆ రోజంతా మండిపోయింది. సాయంత్రానికే పెస్ట్ కంట్రోల్‌ను పిలవాలని చాలామంది పట్టుబట్టారు. అధ్యక్షుడు నిలబడ్డారు: గద్ద వచ్చినందుకు ఈగలను చంపితే, మిగిలిన ఐదు పట్లూ అదే రాత్రి రెచ్చిపోతాయని, రేపు పొద్దున ఇంతకంటే ఎక్కువమందిని కుడతాయని రాశారు. మేం చెప్పిన మాటే అయినా ఆయన నోట వస్తేనే పనిచేసింది. మధ్యాహ్నానికల్లా ఈగలు తెరకట్టేశాయి. గద్ద తెంపిన అంచును కొన్నాళ్లలోనే తెల్లటి కొత్త మైనంతో పూడ్చుకున్నాయి.

తేనె కోసం కొంతమంది అడిగారు. నల్లమలలో చెంచులు కొండ చరియల మీద తాడుతో దిగి తేనె తీస్తారు, పైన తాడు పట్టుకునేది బావమరిదే అయి ఉండాలని పెంటల్లో (చెంచు గూడేల్లో) చెబుతారు. పట్టులో పిల్లలున్న భాగాన్ని వదిలి తేనె ఉన్న పైభాగాన్నే కోస్తే గుంపు బతుకుతుంది, మళ్లీ కట్టుకుంటుంది. కొండ ప్రాంతాల్లో ఈ పద్ధతిని నేర్పిస్తున్నారు, 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ అలాంటి అడవి తేనెను కొంటుంది. ఆ పనితనాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. కానీ చుట్టూ వందల ఇళ్లున్న టవర్ గోడ మీద అది చేయించడానికి ఒప్పుకోలేదు. ఇక్కడ తేనె ఈగలదే.

ఏ పట్టునైనా వదిలేయమని చెప్పేదాన్ని కాదు. బడి వరండాలో, ఆసుపత్రి గుమ్మం మీద, చేయెత్తితే తగిలేంత కింద ఉంటే తీయక తప్పదు. అప్పుడు కూడా విషం వద్దు. తేనె తీయడం తెలిసినవాళ్లు చీకటి పడ్డాక, చుట్టుపక్కల ఖాళీ చేయించి, పొగతో తీయాలి. పిల్లపురుగులు ఎలాగూ పోతాయి, కనీసం ఎదిగిన ఈగలు ఇంకోచోట కట్టుకోవడానికి మిగులుతాయి. అలాంటి చోట్లు మేం చూసినవాటిలో తక్కువే. ఎక్కువ పట్లు మనిషికి అందనంత ఎత్తులో ఉంటాయి, తీయించేది భయమే.

రోహిణి కార్తె ఎండలకు చుట్టుపక్కల పూత తగ్గింది. పట్లలో కొత్త పిల్లగదులు కనిపించడం మానేశాయి, తేనె ఉన్న పైభాగం పలచబడింది. తర్వాత ఒక్కొక్క గుంపే లేచి వెళ్లిపోయింది. మృగశిర వచ్చేసరికి ఆరు సజ్జల కింద ఖాళీ మైనపు పట్లే మిగిలాయి. వాటిని మైనపు పురుగులు తినేశాయి, గాలికి ముక్కలు రాలాయి.

అసలు పని అప్పుడు మొదలైంది. ఈగలు పాత మైనం ఉన్న చోటికే తిరిగొస్తాయి కాబట్టి, ఎక్కడ వద్దో అక్కడ ఖాళీగా ఉన్నప్పుడే సర్దాలి. ఆటస్థలం పైన ఉన్న సజ్జ కింద మైనాన్ని పూర్తిగా గీకించి, సబ్బునీళ్లతో కడిగించి, సందు లేకుండా నైలాన్ వల బిగించాం. మిగతా ఐదు చోట్ల మైనపు మచ్చలను ముట్టుకోలేదు. వానలు వెనకబట్టాక నాలుగు గుంపులు వచ్చి ఆ ఐదింటిలోనే దిగాయి. వల కట్టిన చోటికి ఒకటీ రాలేదు. ఆటస్థలం ఈసారి మూయాల్సిన పనిలేదు. పదో అంతస్తు బాబు వాళ్లు జాలీలు అలాగే ఉంచుకున్నారు, ఇంజెక్షన్ గడువు తేదీ చూసి మార్పించే బాధ్యత సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కు రాసిచ్చారు.

పెస్ట్ కంట్రోల్ ఒప్పందంలో తేనెపట్ల మీద మందు కొట్టకూడదని ఒక వాక్యం చేర్పించాం. ఇప్పుడు నడుస్తున్న చర్చ పెయింటింగ్ గురించి. టవర్లన్నింటికీ రంగులు వేయించాలి. కాంట్రాక్టర్‌కు కావలసింది వాన లేని కాలం, అంటే ఈగలు ఉండే కాలమే. తూర్పు గోడను వానలు తగ్గగానే, గుంపులు దిగకముందు మొదటి పనిగా ముగించి, మిగతా మూడు వైపులూ తర్వాత చేయమని మేం అడుగుతున్నాం. సజ్జల కింద ఆ ఐదు మచ్చల చుట్టూ రంగు వేయకుండా వదలాలి. కాంట్రాక్టర్ మొదటి షరతుకు ఒప్పుకున్నాడు. రెండోది రేటు మీద బేరంలో ఉంది.